వణికే చేత్తోనే వాయించాలి

వయొలిన్ మీద అన్నిటికంటే కష్టమైనవి గబగబా పరుగెత్తే స్వరాలు అనుకుంటాం. వాయించేవాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు: మెల్లగా, సన్నగా, పొడుగ్గా సాగే ఒక్క స్వరం. కమాను తీగ మీద ఆనీ ఆననట్టు ఆనాలి. ఒకే వేగంతో ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు అది హాయిగానే వస్తుంది. అదే స్వరాన్ని ఐదొందల మంది చూస్తుండగా లాగితే, భుజంలో ఎక్కడో మొదలైన చిన్న అదురు మోచెయ్యి దాటి, మణికట్టు దాటి, కమాను కొసకు చేరేసరికి పెద్దదై తీగ మీద ఎగరడం మొదలుపెడుతుంది. వినేవాళ్లలో చాలామందికి అది తెలియను కూడా తెలియదు. వాయించే మనిషికి మాత్రం ఆ క్షణాన లోకంలో అది తప్ప ఇంకేమీ వినిపించదు.

దీనికి తెలుగులో సభాకంపం అని మంచి మాట ఉంది. భయం అనకుండా కంపం అనడంలోనే సగం విషయం ఉంది. ఉపన్యాసం ఇచ్చేవాళ్లకు టెన్షన్ వస్తే కాస్త మాట తడబడుతుంది, నీళ్లు తాగి సర్దుకుంటారు. సంగీతంలో ఆ వెసులుబాటు లేదు. తాళం ఎవరికోసమూ ఆగదు.

ఒంట్లో జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, రక్తం కాళ్లూ తొడల్లాంటి పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. పారిపోవడానికో, కలబడడానికో ఇది బ్రహ్మాండమైన ఏర్పాటు. కానీ మళ్లిన ఆ రక్తం వేళ్ల నుంచే తగ్గుతుంది. అందుకే పియానో వాయించేవాళ్లు వేళ్లు మంచుముక్కల్లా అయిపోయాయంటారు. ఫ్లూట్, ట్రంపెట్ లాంటివి ఊదేవాళ్లకు నోరు పిడచకట్టుకుపోతుంది, పెదవి పట్టు జారుతుంది. గాయకులకు గొంతు బిగుసుకుంటుంది, ఒక్క ఊపిరిలో అవ్వాల్సిన వరుసకు రెండు ఊపిరులు కావలసి వస్తాయి. డ్రమ్స్ వాయించేవాళ్లకు ఇవేవీ పెద్దగా అడ్డం కాకపోవచ్చు గానీ, వాళ్లకు తెలియకుండానే లయ పరుగు అందుకుంటుంది. తర్వాత రికార్డింగ్ విని ‘ఇంత స్పీడుగా వాయించామా’ అని నాలుక్కరుచుకుంటారు. ఒకే భయం ప్రతి వాద్యాన్నీ దాని దాని మెత్తని చోటే చూసి పొడుస్తుంది.

ఇక్కడో అపోహ గట్టిగా పాతుకుపోయి ఉంది: ఇదంతా కొత్తవాళ్ల బెదురు, పది సభలు చేస్తే అదే పోతుంది అని. కొందరికి పోతుంది కూడా. అయితే వయొలిన్ కుటుంబంలోని పెద్ద తంతి వాద్యమైన చెల్లో వాయించడంలో 20వ శతాబ్దంలోనే తలమానికం అనిపించుకున్న పాబ్లో కజాల్స్ సంగతి చూడండి. 1901లో అమెరికా పర్యటనలో ఉండగా శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర టమల్పాయిస్ కొండ ఎక్కి దిగుతున్నప్పుడు ఒక బండరాయి దొర్లి ఆయన ఎడమ చేతి మీద పడింది. వేళ్లు నలిగిపోయాయి. ఆ క్షణంలో తనకు మొదట తట్టిన ఆలోచన ఏమిటో ఆయనే తర్వాత చెప్పుకున్నాడు: దేవుడి దయ, ఇక చెల్లో వాయించక్కర్లేదు! అప్పటికి ఆయన అనామకుడేమీ కాదు, యూరప్‌లో పేరు మారుమోగుతున్న కళాకారుడు. పియానో దిగ్గజం వ్లదిమిర్ హొరొవిట్జ్ 1953 నుంచి 1965 దాకా పన్నెండేళ్లు వేదిక ఎక్కలేదు. అదొక్కసారే కాదు, జీవితంలో అలాంటి విరామాలు ఆయన నాలుగు తీసుకున్నాడు. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో లక్షమందికి పైగా జనం ముందు పాడుతూ మాటలు మరిచిపోయిన బార్బ్రా స్ట్రైసాండ్, ఆ రాత్రి వల్ల సుమారు 27 ఏళ్లు టికెట్టు పెట్టి పాడలేదని తర్వాత తానే చెప్పుకుంది.

పేరున్నవాళ్ల ముచ్చట్లు అలా ఉంచితే, 1980ల చివర్లో అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాల కళాకారుల మీద ఒక పెద్ద సర్వే జరిగింది. జవాబిచ్చిన 2,212 మందిలో దాదాపు నలుగురిలో ఒకరు సభాకంపాన్ని తమ ఆరోగ్య సమస్యల్లో చేర్చారు. అంతకంటే కాస్త ఎక్కువగా, 27 శాతం మంది, గుండె దడ తగ్గించే మాత్రలు వాడామన్నారు. రోజూ వాయించడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ల మాట ఇది. అంటే అనుభవం భయాన్ని చెరిపేయదు. అనుభవం ఉన్నవాళ్లు చేసేది ఇంకొకటి. భయం వస్తుందని ముందే లెక్కవేసుకుని, సాధనలోనే దానికి చోటు పెట్టుకుంటారు.

ఈ లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పే ఒక పాత ప్రయోగం ఉంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకలకు తెల్ల పెట్టె, నల్ల పెట్టె తేడా నేర్పుతూ, తప్పు పెట్టెలోకి దూరితే చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. తేడా సులువుగా తెలిసేటప్పుడు షాక్ గట్టిదైన కొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమైనప్పుడు మాత్రం గట్టి షాక్ చెడగొట్టింది, మధ్యస్థంగా ఉన్నదే పనికొచ్చింది. ఎలుకల సంగతి మనుషులకు యథాతథంగా అంటించడం తప్పే, దీన్ని ప్రతి వ్యక్తిత్వ వికాస తరగతిలోనూ అరగదీసి వదిలిపెట్టారు కూడా. అయినా సంగీతకారులకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది: ఒత్తిడి ఎంత అన్నదొక్కటే కాదు, ఆ ఒత్తిడిలో చేయాల్సిన పని ఎంత కష్టం అన్నది కూడా చూడాలి. వేదిక మీద ఒత్తిడిని తగ్గించడం మన చేతిలో పెద్దగా ఉండదు. పనిని తేలిక చేసుకోవడం ఉంటుంది. తన శక్తికి అంచున ఉన్న రచనను ముఖ్యమైన పోటీకి ఎంచుకోవడం చాలామంది విద్యార్థులు చేసే పొరపాటు, వాళ్ల గురువులు చేయించే పొరపాటు కూడా. గదిలో పదిసార్లకు ఆరుసార్లు సరిగ్గా వచ్చేది వేదిక మీద ఏడోసారి అవుతుందనుకోవడం ఆశ. నాలుగుకు పడిపోతుందనుకుంటే అది అంచనా.

వేలు ఎక్కడ పడుతోంది?

ఒత్తిడిలో పని చెడడానికి శరీరం ఒక్కటే కారణం కాదు. ధ్యాస వెళ్లకూడని చోటికి వెళ్తుంది. రోజూ దిగే మెట్లే అయినా, ఏ కాలు ఎప్పుడు ఎక్కడ వేస్తున్నామో చూసుకుంటూ దిగితే తడబడతాం. ఏళ్ల సాధనతో తనంతట తాను జరిగే పనిని మళ్లీ ముక్కలు ముక్కలుగా పర్యవేక్షించడం మొదలుపెడితే అది కట్టుతప్పుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన సయన్ బైలాక్ లాంటి మనస్తత్వవేత్తలు గోల్ఫ్ ఆటగాళ్ల దగ్గర దీన్ని వివరంగా పరిశీలించారు. నైపుణ్యం ఉన్నవాళ్లు తమ చేతి కదలిక మీద దృష్టి పెడితే ఆట చెడింది. ఏమీ రానివాళ్లకేమో అలా దృష్టి పెట్టడమే మేలు చేసింది. భయం చేసే అసలు మోసం ఇదే. బాగా వచ్చినవాడిని పట్టుకుని మళ్లీ ఓనమాలు దిద్దిస్తుంది.

మరి ధ్యాస ఎక్కడ పెట్టాలి? ‘ఏమీ ఆలోచించకు’ అని చెప్పడం తేలిక, పాటించడం అసాధ్యం. మనసుకు ఏదో ఒక పని ఇవ్వాలి. సంగీత పరిశోధకుడు రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో సంగీత విద్యార్థులను చిన్న కీబోర్డు వరుస వాయించమన్నారు. అదే విద్యార్థులను ఒకసారి వేళ్ల మీద, ఒకసారి మీటల మీద, ఒకసారి లోపల తీగలను కొట్టే సుత్తుల మీద, ఇంకోసారి పుడుతున్న శబ్దం మీద దృష్టి పెట్టమన్నారు. ధ్యాస శరీరానికి దూరంగా జరిగిన కొద్దీ ఆ వరుసను కాస్త మార్చి ఇచ్చినప్పుడు చెయ్యి నిలకడగా ఉంది. చాలామంది మంచి గురువులు ప్రయోగాలేవీ లేకుండానే దీన్ని ఎప్పటినుంచో చెబుతున్నారు: చెయ్యిని చూడకు, పాటను విను. కమాను వణుకుతుంటే ‘వణకకు’ అని చేతికి చెప్పడం పెనం మీంచి పొయ్యిలో పడడమే. ఈ స్వరం చివర ఎలా ముగియాలి, ఎంత సన్నగా మాయమవ్వాలి అన్న ఊహను పట్టుకుంటే, వణుకు ఉన్నా అది ప్రధాన పాత్ర కాకుండా పోతుంది.

దీనికి ఒక షరతు ఉంది. ఆ ఊహ ముందుగా ఉండాలి. సాధన అంతా వేళ్ల మీద దృష్టితో చేసి, వేదిక మీద మాత్రం సంగీతం మీద దృష్టి పెడతానంటే కుదరదు. అలవాటు లేని చోటికి మనసు సభలో కొత్తగా వెళ్లదు.

‘అర్ధరాత్రి నిద్రలేపి వాయించమన్నా’

బాగా వచ్చిందని చెప్పడానికి మనం వాడే మాట అది. అర్ధరాత్రి నిద్రలేపితే వాయించగలగడం గొప్పే గానీ, ఆ సమయంలో ఎదురుగా శ్రోతలుండరు. వేళ్లకు మాత్రమే వచ్చిన పాటకు ఉన్న బలహీనత వేదిక మీదే బయటపడుతుంది. అది గొలుసులాంటిది. ఒక స్వరం తర్వాతి స్వరాన్ని లాక్కొస్తుంది. ఒక్క లింకు తెగితే మధ్యలోంచి అందుకోవడం ఉండదు, మళ్లీ మొదటికే పోవాలి. మధ్యలో మరిచిపోయిన పిల్లలు పాట మొదటినుంచి ఎత్తుకోవడం అందరం చూసిందే.

వృత్తి కళాకారులు దీనికి విరుగుడుగా పాటలో మైలురాళ్లు పాతుకుంటారు. మనస్తత్వవేత్త రోజర్ చాఫిన్, పియానిస్టు గాబ్రియేలా ఇమ్రే కలిసి చేసిన పరిశీలన ఇక్కడ చెప్పుకోదగ్గది. బాఖ్ రచించిన ఇటాలియన్ కన్చెర్టో మూడో భాగాన్ని ఇమ్రే మొదటినుంచి నేర్చుకుంటుంటే, ఆ సాధన మొత్తాన్ని రికార్డు చేశారు. ఎక్కడ ఆగింది, ఎక్కడినుంచి మళ్లీ ఎత్తుకుంది, వాయించేటప్పుడు ఏ చోట ఏం తలుచుకుంటుంది అన్నీ రాసుకున్నారు. ఆమె గొలుసు మీద ఆధారపడలేదు. రచనను విభాగాలుగా విడగొట్టి, ప్రతి విభాగం మొదలునూ విడిగా, ఎక్కడినుంచైనా అందుకోగలిగేలా గుర్తుపెట్టుకుంది. ఆ రచనను రెండేళ్లకు పైగా ముట్టుకోకుండా ఉండి, తర్వాత స్వరాలను కాగితం మీద రాసినప్పుడు ఆ విభాగాల మొదళ్లే అన్నిటికంటే బాగా గుర్తున్నాయి, లోపలికి వెళ్లేకొద్దీ జ్ఞాపకం పలచబడింది. మరిచిపోకుండా ఉండటం ఒక భద్రత, మరిచిపోతే దిగడానికి దగ్గర్లో మెట్టు ఉండటం ఇంకో భద్రత. భయాన్ని నిజంగా తగ్గించేది రెండోదే.

ఇలాంటి జ్ఞాపకం ఎంత లోతున ఉంటుందో చూపే సంఘటన 1990ల చివర్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. రాయల్ కన్సర్ట్‌గెబౌ ఆర్కెస్ట్రా, దాన్ని కర్రతో నడిపించే కండక్టర్ రికార్డో షాయీ, పియానో దగ్గర మరియా జువా పిరెష్. జనం ముందు మధ్యాహ్న కచేరీ. ఆర్కెస్ట్రా మొదలుపెట్టింది. పిరెష్ ముఖం పాలిపోయింది. ఆమె ఇంకో మొత్సార్ట్ కన్చెర్టోకు (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం ప్రధానంగా వాయించే రచనకు) సిద్ధమై వచ్చింది, వాళ్లు వాయిస్తున్నది డి మైనర్ కన్చెర్టో. వీడియోలో ఆమె తల పట్టుకోవడం, షాయీతో ఏదో చెప్పడం కనిపిస్తుంది. ఆయన కర్ర ఊపడం ఆపకుండానే నవ్వుతూ, పోయిన సీజన్‌లో వాయించావుగా, నీకు బాగా వచ్చు అన్నట్టు ధైర్యం చెబుతాడు. ఆ కన్చెర్టోలో పియానో అందుకునేముందు ఆర్కెస్ట్రా ఒక్కటే రెండు నిమిషాలకు పైగా వాయిస్తుంది. ఆ రెండు నిమిషాలే ఆమెకు దక్కిన సన్నాహం. తల వంచుకుని కూర్చుంది. తన వంతు రాగానే చేతులు మీటల మీద పెట్టి మెత్తగా అందుకుంది, చివరిదాకా కాగితం లేకుండానే వాయించింది. దీన్ని అద్భుతం అనేయడం తేలిక. అంతకుముందు ఆ రచనను ఆమె ఎన్నో కోణాల్లోంచి లోపలికి ఇంకించుకుని ఉండబట్టే అది ఆ రెండు నిమిషాల్లో పైకి వచ్చింది. ఆ ముఖంలో భయమూ నిజమే, ఆ తర్వాత వినిపించిన సంగీతమూ నిజమే. ఒకటి పోయాక రెండోది రాలేదు, రెండూ కలిసే ఉన్నాయి.

సాధన చేసే గంటలు పెంచితే ఇది దానంతట అదే వస్తుందా అంటే, రాదు. రాబర్ట్ డ్యూక్ బృందమే 2009లో 17 మంది పియానో విద్యార్థులకు షోస్టకోవిచ్ కన్చెర్టోలోంచి ఒక కష్టమైన ముక్క ఇచ్చి, సాధనంతా రికార్డు చేసి, మర్నాడు పరీక్షించింది. ఎంతసేపు చేశారు, ఎన్నిసార్లు వాయించారు అన్నదానికీ మర్నాటి ఫలితానికీ సంబంధం కనిపించలేదు. బాగా వాయించినవాళ్లు తప్పును అక్కడికక్కడే పట్టుకుని, వేగం తగ్గించి, ఆ చోటు నిలకడగా వచ్చేదాకా వదల్లేదు. తప్పుతో సహా వందసార్లు వాయించినవాళ్లు తప్పును కూడా వందసార్లు సాధన చేసినట్టే.

సాధనలో చెమట ఒక సంగతి, సాధనలో టెన్షన్ ఇంకో సంగతి. వేదిక మీద అవకాశం ఒక్కటే, గదిలో అవకాశాలు అనంతం. కాబట్టి సభకు కొన్ని వారాల ముందునుంచైనా గదిలో ఆ అనంతాన్ని కుదించాలి. పొద్దున లేచి, చేతులు వేడెక్కకముందే, ఏ సరంజామా లేకుండా రచనను మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వాయించి ఆ పూటకు ఊరుకోవాలి. ఎలా వచ్చిందో అదే ఆ రోజు లెక్క. కొందరు గబగబా నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగి, గుండె కొట్టుకుంటుండగానే వాద్యం అందుకుంటారు. అదురుతున్న చేత్తో మొదటి స్వరం ఎలా పట్టాలో చేతికి ముందే పరిచయమవుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేస్తే చాలు, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఒంట్లో ఏదో మారుతుంది, ఆ మార్పే కావాలి. ఆ తర్వాత ఒక స్నేహితుడు, తర్వాత నలుగురు, తర్వాత ముఖపరిచయం లేని పదిమంది. ఆర్కెస్ట్రా ఎంపికలకు వెళ్లేవాళ్లు సభకు వేసుకునే బట్టలూ చెప్పులూ వేసుకుని మరీ సాధన చేస్తారు. అతిగా అనిపిస్తుంది గానీ, కోటు భుజం దగ్గర బిగుతుగా ఉందని వేదిక మీద తెలుసుకోవడం కంటే నయం.

వీటిలో చాలామంది ఎగ్గొట్టేది ఒకటుంది: తప్పు పడితే ఆగకుండా ముందుకు పోవడం. తప్పు రాగానే ఆగి దిద్దుకోవడం సాధనకు ప్రాణం. కానీ అదొక్కటే అలవాటైతే వేదిక మీద కూడా చెయ్యి ఆగిపోతుంది. అందుకే దిద్దుకునే సాధన, దూసుకుపోయే సాధన రెండూ వేరువేరుగా జరగాలి. రెండోదానికి చాలామంది టైమ్ కేటాయించరు, ఎందుకంటే అందులో తప్పులు అలాగే ఉండిపోతాయి, మనసొప్పదు.

సభకు ముందు గంటలో చేయగలిగింది చాలా తక్కువ. కొత్తగా ఏదీ బాగుపడదు. కష్టమైన చోటును పదేపదే వాయించి చూసుకుంటే, అది ఒక్కసారి జారినా ఆ జారుడే వేదిక మీదికి వెంట వస్తుంది. చేతులు వెచ్చగా ఉంచుకోవడం, ఊపిరిని నెమ్మది చేయడం, మొదటి వరుస వేగాన్ని మనసులో పాడుకుని ఖాయం చేసుకోవడం మాత్రం పనికొస్తాయి. 2012లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో 46 మంది శిక్షణ పొందిన సంగీతకారుల్లో అరగంట నెమ్మది శ్వాస చేసినవాళ్ల గుండె లయ ఒత్తిడి ముందు మెరుగ్గా కనిపించింది, అందులోనూ ఎక్కువ కంగారుపడేవాళ్లకు ఎక్కువ లాభం కలిగింది. వేగం విషయం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, భయపడిన మనిషి మొదటి వరుసను వేగంగా ఎత్తుకుంటే, ముందున్న కష్టమైన చోటు ఇంకా కష్టమై కూర్చుంటుంది.

‘కంగారు పడకు, ప్రశాంతంగా ఉండు’ అన్న సలహా మాత్రం దాదాపు ఎప్పుడూ పనిచేయదు. కొట్టుకుంటున్న గుండెను ఒక్క మాటతో ఆపలేం. కానీ ఆ దడకు పెట్టే పేరు మార్చవచ్చు. హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరి చేత తెలియనివాళ్ల ముందు వీడియో గేమ్‌లో కరావోకే పాడించింది. పాడబోయే ముందు కొందరు ‘నాకు టెన్షన్‌గా ఉంది’ అనాలి, కొందరు ‘నాకు హుషారుగా ఉంది’ అనాలి, ఇంకొందరు ఏమీ అనకూడదు. పాట ఎంత కచ్చితంగా వచ్చిందో యంత్రమే కొలిచింది. హుషారు అన్నవాళ్లకు సుమారు 80 శాతం, ఏమీ అననివాళ్లకు 69, టెన్షన్ అన్నవాళ్లకు 53 వచ్చింది. వాళ్లు వృత్తి గాయకులు కారు, కాబట్టి దీన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అయినా విషయం అర్థమవుతుంది. దడ అలాగే ఉంటుంది, అది ‘ఆపద’ అనుకుంటే ఒకలా, ‘మొదలవబోతోంది’ అనుకుంటే ఇంకోలా చెయ్యి కదులుతుంది.

వినేవాళ్లకు ఎంత వినిపిస్తుంది?

వాయించేవాళ్లు తమ తప్పులను భూతద్దంలో చూస్తారు. మనస్తత్వవేత్త థామస్ గిలొవిచ్ బృందం 2000లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత గాయకుడు బ్యారీ మానిలో బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, తోటివాళ్లున్న గదిలోకి పంపింది. వాళ్ల లెక్క ప్రకారం ఆ బొమ్మ నామోషీ. గదిలో సగం మందైనా చూసి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గమనించింది దాదాపు నాలుగో వంతు. సంగీతంలో దీనికి ఇంకా సూటి ఉదాహరణ ఉంది. పరిశోధకుడు బ్రూనో రెప్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో పియానో విద్యార్థులు వాయించినదాన్ని కంప్యూటర్‌తో రికార్డు చేసి ప్రతి తప్పు స్వరాన్నీ లెక్కపెట్టాడు. తర్వాత అవే రికార్డింగులను పియానో వాయించేవాళ్లకే వినిపించి, తప్పులు పట్టమన్నాడు. పని తెలిసినవాళ్లు, తప్పుల కోసమే చెవులు రిక్కించి వింటున్నవాళ్లు, సగం కూడా పట్టుకోలేకపోయారు. పడిన తప్పుల్లో ఎక్కువ భాగం సందర్భానికి అతికిపోయేవే. వాయించే మనిషి ఒక్కరికే అవి గాజుపెంకుల్లా గుచ్చుకుంటాయి. పన్నెండేళ్ల తర్వాత 1965లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో హొరొవిట్జ్ తిరిగి కూర్చున్నప్పుడు, ఆరంభంలోనే తప్పు స్వరాలు పడ్డాయి. ఆ సాయంత్రాన్ని పియానో చరిత్రలో గొప్ప సాయంత్రాల్లో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక మాత్రల సంగతి. అధిక రక్తపోటుకూ గుండె జబ్బులకూ వాడే బీటా బ్లాకర్లు అడ్రినలిన్ సంకేతాలు గుండెకూ కండరాలకూ చేరకుండా అడ్డుకుంటాయి. ప్రొప్రనలాల్‌ను 1960ల్లో తెచ్చిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. 1977లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన, ఈ రకం మందు తంతి వాద్యకారుల్లో వణుకును తగ్గిస్తుందని చూపింది. అక్కడినుంచి ఆర్కెస్ట్రాల్లో గుట్టుగా పాకింది. విలువిద్య, షూటింగ్ పోటీల్లో ఇది నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక షూటర్ దీనివల్లే రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. సంగీతంలో నిషేధం లేదు, ఇది మోసమా కాదా అన్న వాదన మాత్రం తెగలేదు. మోసం అనడం అన్యాయం, ఎందుకంటే రాని స్వరాన్ని ఏ మాత్రా రప్పించదు. కానీ అది వణుకును ఆపుతుంది, ‘చెడిపోతుందేమో’ అన్న ఆలోచనను కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా కావచ్చు. పక్కవాడి జేబులోంచి తీసుకుని మింగే రకం కాదిది, డాక్టరు చూసి ఇవ్వాల్సిందే.

సాధన, శ్వాస, మాత్ర ఏవీ సరిపోనప్పుడు వేదిక రూపాన్నే మార్చుకున్నవాళ్లు ఉన్నారు. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1964లో, ముప్పై ఒకటో ఏట కచేరీలు మానేసి స్టూడియోకు పరిమితమయ్యాడు. ఆయనకు సభ అంటేనే గిట్టదు, కాబట్టి దాన్ని భయం ఒక్కదాని ఖాతాలో వేయలేం. ఇంకో పియానిస్టు మార్తా ఆర్గెరిచ్ 1980ల నుంచి ఒంటరి కచేరీలు దాదాపు వదిలేసి, ఎప్పుడూ పక్కన ఇంకెవరో ఉండేలా వాయిస్తోంది. ఒంటరిగా వేదిక మీద ఉండటమే తనకు బరువని ఆమె దాచుకోలేదు. రష్యన్ పియానిస్టు స్వియతొస్లవ్ రిక్టర్ చివరి ఏళ్లలో హాలంతా చీకటి చేసి, స్వరాల పుస్తకం మీద పడేలా ఒక చిన్న దీపం పెట్టుకుని వాయించాడు. పుస్తకం చూడకుండా వాయించాలన్నది 19వ శతాబ్దంలో క్లారా షూమన్, లిస్ట్ లాంటి పియానిస్టుల కాలంలో పాతుకున్న ఆనవాయితీయే, సంగీత ధర్మమేమీ కాదు. క్లారా అలా చూడకుండా వాయించినప్పుడు అదో డాంబికమని విమర్శించినవాళ్లూ ఉన్నారు. స్ట్రైసాండ్ తిరిగి వచ్చినప్పుడు పాట మాటలు ఎదురుగా తెర మీద కనిపించే ఏర్పాటుతో వచ్చింది. వీటిలో దేన్నీ ఓటమి అనడానికి లేదు. భయం ఏ తలుపులోంచి వస్తుందో తెలుసుకుని ఆ తలుపు దగ్గర కాపలా పెట్టుకున్నారు. అంతకంటే లోతుగా, నిద్ర పట్టక, వాద్యం చూస్తేనే కడుపులో దేవేసే స్థితి వస్తే మాత్రం అది సాధన సమస్య కాదు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఇలాంటి ఆందోళనకు ఆలోచన తీరును, ప్రవర్తనను మార్చే థెరపీలు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా.

కజాల్స్ చెయ్యి కొన్ని నెలల్లో నయమైంది. కచేరీకి ముందు గాబరా మాత్రం ఆయన్ను జీవితాంతం వదల్లేదు. బండ పడిన డెబ్బై ఏళ్లకు, 1971 అక్టోబరులో, 94 ఏళ్ల వయసులో, ఐక్యరాజ్యసమితి సభలో ఆయన చెల్లో ముందు కూర్చుని, స్పెయిన్‌లోని తన సొంత ప్రాంతం కటలోనియా జానపద బాణీ ఒకటి వాయించాడు.